ఆసుపత్రి యిచ్చిన జబ్బు

కాలు విరిగి ఆసుపత్రిలో చేరినవాడు ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయినయెడల ఆ మరణమునకు ఉత్తరవాది యెవ్వరు? ఈ ప్రశ్నను మన పట్టణములలో అడుగువారు కానరారు. “న్యుమోనియా వచ్చినది, పెద్ద మందులన్నియు వాడితిమి, ఆపైన దైవాధీనము” అని వైద్యులందురు. బంధువులు కన్నీరు తుడుచుకొని, బిల్లు చెల్లించి, శవమును తీసికొని పోవుదురు. అంతటితో వ్యవహారము ముగియును. ముగియరాదని మేము చెప్పుచున్నాము.

రోగి ఆసుపత్రిలో చేరి 48 గంటలు గడచిన పిమ్మట పుట్టిన న్యుమోనియాను ఆసుపత్రిలో సంక్రమించినదిగా వైద్యశాస్త్రమే వేరుచేసి పేరు పెట్టినది. ఇంటినుండి తెచ్చుకొన్న జబ్బు కాదని దాని యర్థము. గొంతులో గొట్టము వేసి వెంటిలేటరుపై నుంచిన రోగికి ఈ యపాయము మిక్కిలి హెచ్చు. దగ్గి కఫమును వెళ్లగ్రక్కు శక్తి వానికి లేదు; నోటిలోని ఉమ్మి గొట్టము పక్కగా ఊపిరితిత్తులలోనికి దిగును. దానితో దిగు క్రిములును సామాన్యమైనవి కావు. క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్, సూడోమొనాస్ అనునవి ఆసుపత్రి మంచములను, గొట్టములను, చేతులను ఆశ్రయించి, అచ్చటి మందులన్నిటి రుచి చూచి బలిసినవి.

చేతులనగా ఎవరి చేతులు? ఒక రోగిని ముట్టి, కడుగుకొనకయే మరియొక రోగిని ముట్టు డాక్టరు చేతులు, నర్సు చేతులు, వార్డుబాయి చేతులు. 1847లో వియన్నా నగరమున సెమ్మెల్వైస్ అను వైద్యుడు తోడివారిచేత క్లోరిను కలిపిన నీటితో చేతులు కడిగించి బాలింతల మరణములను తగ్గించి చూపెను. పలువురు వైద్యులు దానిని అవమానముగా నెంచిరి. ఆ అవమానభావము నేటికిని కొందరు పెద్దలను విడువలేదు. నర్సులను మేము నిందింపము. తలకు మించిన మంచములు చూడవలసిన నర్సు గంటకెన్ని మారులు చేతులు కడుగుకొనగలదు? రోగి తలవైపు ఎత్తుచేసి పడుకోబెట్టుట, నోరు శుభ్రపరచుట, ప్రతిదినము మత్తు తగ్గించి గొట్టము తీయవచ్చునేమో చూచుట: వీనికి గొప్ప యంత్రములు అక్కరలేదు, మనుష్యులు కావలెను. మనుష్యులకు జీతమియ్యనొల్లని యాజమాన్యము మెరొపెనెమ్ సూదిమందుకు మాత్రము వెనుదీయదు. జీతము యాజమాన్యపు ఖర్చు, మందు రోగి ఖర్చు!

ఇక మందుల సంగతి. న్యాయస్థానములలో తిరుగువారము గనుక మాకు తోచిన పోలిక చెప్పుదుము. సాక్ష్యము సేకరింపక ఊరివారి నందరిని చెరలో వేసిన పోలీసును ఎవ్వరు మెచ్చుదురు? కఫమును కల్చరు పరీక్షకు పంపక మూడు యాంటీబయాటిక్కులను ఒక్కమారే ఎక్కించు వైద్యమును అట్టిదే. ప్రాణాపాయమున నున్న రోగికి ఫలితము వచ్చువరకు మందు ఆపరాదు. దానిని మేమును అంగీకరింతుము. కాని నమూనా ముందుగా తీయుటకు నిమిషములు చాలును. రెండు మూడు దినములకు ఫలితము చేతికి రాగానే అక్కరలేని మందును మాన్పింపవలెను. చాలమంది రోగులకు ఏడు దినముల చికిత్స చాలునని 2016లో అమెరికా వైద్యసంఘములు తమ మార్గదర్శకములలో వ్రాసినవి. ప్రతి ఆసుపత్రియు తన క్రిములు ఏ మందులకు లొంగుచున్నవో తానే లెక్క కట్టుకొనవలెననియు అందే యున్నది. మన యూరిలో ఆ లెక్క చూపుడని అడిగి చూడుడు!

మూత్రపిండములకు చేటని ఒకప్పుడు మూలబెట్టిన కొలిస్టిన్ నేడు కడపటి దిక్కైనది. దానినే, కేంద్రప్రభుత్వము 2019లో నిషేధించువరకు, మన దేశమున కోళ్లు బలియుటకు మేతలో కలిపిరి.

న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడను చేరిన రోగియందు 2008లో, మెరొపెనెమ్ వంటి మందులను విరుగగొట్టు ఎంజైము బయటపడగా పరిశోధకులు దానికి న్యూఢిల్లీ పేరు పెట్టిరి. 2010లో మనవారు ఆ పేరుపై మండిపడిరి. పేరు పెట్టుట తగదనుట న్యాయమే కావచ్చును. కాని పేరుపై చూపిన పౌరుషములో పాలుపంచైనను వార్డులోని చేతులు కడుగు తొట్టిపై చూపియుండిన నెన్ని ప్రాణములు దక్కియుండెడివి!

వెయ్యి వెంటిలేటరు దినములకు ఎందరికి న్యుమోనియా వచ్చెనో లెక్కించుట లోకమెరిగిన పద్ధతి. ప్రతి పెద్ద ఆసుపత్రియు, ప్రభుత్వముదైనను ప్రైవేటుదైనను, నెలనెలా ఆ లెక్కను వాకిట వ్రేలాడదీయవలెను. లెక్క చెప్పినవానికి చెడ్డపేరు, దాచినవానికి మంచిపేరు వచ్చునని యాజమాన్యములు ఆక్షేపించును. నిజమే. కనుకనే దీనిని వారి యిష్టమునకు విడువరాదు. చట్టముచే అందరిచేతను ఒక్కరీతిగా చెప్పింపవలెను. రెండు తెలుగు రాష్ట్రముల శాసనసభ్యులలో ఈ బిల్లును తెచ్చువారెవ్వరో తెలియగోరుచున్నాము.