స్పానిష్‌కు అనంతపురం దారి

ఢిల్లీలో స్పానిష్ నేర్చుకోవడానికి చోట్లకు కొదవ లేదు. జేఎన్‌యూ ఉంది. 2009లో మొదలైన సెర్వాంటెస్ సంస్థ ఉంది. కానీ తరగతి ముగిసి మెట్రో ఎక్కితే చుట్టూ హిందీయే. వాడే చోటు లేని భాష సర్టిఫికెట్‌లోనే మిగిలిపోతుంది.

ఆ చోటు అనంతపురంలో ఉంది. స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ స్థిరపడి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) నెలకొల్పారు. ఆయన 2009లో కన్నుమూసినా స్పెయిన్ దాతల రాకపోకలు ఆగలేదు. వారికీ పల్లెజనానికీ మధ్య మాట నడవాలి కదా! పేద కుటుంబాల పట్టభద్రులకు ట్రస్టు స్పానిష్ సహా విదేశీ భాషలు నేర్పిస్తూ వచ్చింది.

తెలుగువారికి ఈ భాష మరీ పరాయిదేమీ కాదు. మనం 'మాట్లాడతాను' అంటే చాలు, 'నేను' అక్కర్లేదు. స్పానిష్‌లోనూ అంతే, 'ఆబ్లో' అంటే సరిపోతుంది. నువ్వు, మీరు తేడా 'తు', 'ఉస్తెద్'లలో కనిపిస్తుంది. అయితే ఎవరిని ఎప్పుడు 'తు' అనాలో పుస్తకం పూర్తిగా చెప్పలేదు, మనుషులే చెప్పాలి.

ఢిల్లీ విద్యార్థి ఖర్చు పెట్టుకుని మాడ్రిడ్‌లో వెతుక్కునే ఆ సాంగత్యం కరవు సీమ యువతకు గుమ్మంలోకే వచ్చింది. విదేశీ భాష మహానగరాల సొత్తనుకునేవారు ఓసారి అనంతపురం రైలెక్కాలి.