ఎలుకా, చిప్పా కాదు: ఎవరి కిడ్నీ అన్నదే ప్రశ్న

'జంతు ప్రయోగాలు అవసరమా?' అని అడిగితే మనలో చాలామంది రాసే జవాబు ఒకటే. 1960 జంతు హింస నిరోధక చట్టం, మూడు 'ఆర్'లు, 2023లో సవరించిన క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు, చివర్లో 'ఆర్గాన్ ఆన్ చిప్ వస్తే సమస్య తీరుతుంది' అనే వే ఫార్వర్డ్. దీనికి మార్కులు పడొచ్చేమో గానీ, అసలు విషయం ఇందులో లేదు.

అక్యూట్ కిడ్నీ ఇంజురీ, అంటే ఏకేఐని తీసుకుందాం. గంటల్లో, రోజుల్లో కిడ్నీ పనితీరు హఠాత్తుగా పడిపోవడం ఇది. ఉద్దానం జబ్బు దీర్ఘకాలికం. రెండింటినీ కలిపి రాయకండి.

ల్యాబ్‌లో జరిగేది

ఎలుకకు మత్తిచ్చి, కిడ్నీ రక్తనాళాలకు సుమారు అరగంట క్లిప్ పెట్టి తీసేస్తారు. లేదా సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు ఇస్తారు. సెప్సిస్ కోసమైతే పేగులో కొంత భాగాన్ని కట్టి సూదితో పొడుస్తారు. ఇవి దండగ అనడం తప్పు. కిడ్నీ కణాలు ఎలా చనిపోతాయో, ఎలా కోలుకుంటాయో చాలావరకు వీటివల్లే తెలిసింది.

కానీ ఆ ఎలుక సాధారణంగా వయసులో ఉన్న, ఏ జబ్బూ లేని మగ ఎలుక. ఆడ ఎలుకలు ఈ దెబ్బను ఎక్కువ తట్టుకుంటాయి కాబట్టి వాటిని పక్కన పెడతారు. దెబ్బ పడే నిమిషం ముందే తెలుసు కాబట్టి మందూ ముందే ఇవ్వొచ్చు. మన రోగికి అరవై ఏళ్లు, షుగర్, బీపీ. క్రియాటినిన్ పెరిగి బయటపడేసరికే ఆలస్యం. ఎలుకల్లో పనిచేసిన మందులు మనుషుల్లో విఫలమవుతూ వచ్చాయి. సాఫీ రోడ్డు మీద పరీక్షించిన షాక్ అబ్జార్బర్‌ను గుంతల రోడ్డుకు నమ్ముకుంటే ఏమవుతుందో ఇంజినీరింగ్ చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు.

పైగా మన దగ్గర ఏకేఐ తెచ్చేవి విరేచనాలు, మలేరియా, లెప్టోస్పైరోసిస్, స్క్రబ్ టైఫస్, రక్తపింజరి కాటు. రక్తపింజరి విషం రక్తం గడ్డకట్టే వ్యవస్థను, కిడ్నీని కలిపి దెబ్బతీస్తుంది. క్లిప్ ఆ పని చేయదు.

చిప్ తీరుస్తుందా?

చిప్‌లో మనిషి కణాలే ఉంటాయి, నిజం. మందు కిడ్నీకి విషమా కాదా అని చూడటానికి అది మంచి సాధనం. కానీ రక్తపోటు, రోగనిరోధక శక్తి, కాలేయం, గుండె కలిసి చేసే గందరగోళం అందులో ఎక్కడిది?

ఏ మోడలూ అక్కర్లేని మరణాలూ ఉన్నాయి. డైఇథిలీన్ గ్లైకాల్ కిడ్నీని చంపుతుందని 1937లో అమెరికాలో వందమందికి పైగా చనిపోయినప్పుడే తెలిసింది. అయినా 2022లో గాంబియాలో పిల్లల మరణాల తర్వాత, భారత్‌లో తయారైన సిరప్‌లలో అదే రసాయనం ఉందని డబ్ల్యూహెచ్‌ఓ హెచ్చరించింది. అక్కడ కావాల్సింది చిప్ కాదు, బ్యాచ్ బ్యాచ్‌కూ పరీక్ష.

కాబట్టి

ప్రభుత్వ నిధులిచ్చే ముందు అడగాల్సినవి మూడు: ఈ మోడల్ ఏ రోగిని పోలి ఉంది? మందు దెబ్బకు ముందు ఇచ్చారా, తర్వాతా? వయసు, లింగం, షుగర్ లెక్కలోకి వచ్చాయా? పాముకాటు, లెప్టో వంటి మన జబ్బుల మోడళ్లకు, జిల్లా ఆస్పత్రి రోగుల నమూనాల సేకరణకు డబ్బు ముందు పెట్టాలి. రోగి ఎవరో చెప్పని వే ఫార్వర్డ్ ఎవరికీ దారి చూపదు.