క్రీడారంగమున స్త్రీలకు సమానస్థానము

స్త్రీలు సుకుమారులు గనుక కఠినమైన పందెములకు తగరని పలువురు తలంతురు. ఈ తలంపు ఎంత అన్యాయమైనదో ఒలింపిక్ క్రీడల చరిత్రయే తెలుపుచున్నది.

1908లో లండను మారథాన్ పరుగునందు ఇటలీ దేశీయుడగు డొరాండో పియెత్రి గమ్యమునొద్ద పలుమారులు పడిపోయెను. పురుషులు దూరపు పరుగునకు తగరని ఎవరును తీర్మానింపలేదు. పైగా రాణియే అతనికి బహుమానపాత్ర నొసంగెను. 1928లో ఆమ్‌స్టర్‌డామునందు జర్మనీ వనిత లీనా రాడ్కె 800 మీటర్ల పరుగును 2 నిమిషముల 16.8 సెకనులలో గెలిచెను. పిమ్మట కొందరు వనితలు అలసి నేల కొరిగిరని పత్రికలు పెంచి వ్రాసెను. అంతమాత్రమున 1960 వరకు ఆ పరుగు స్త్రీలకు లేకపోయెను. అలసట యొక్కటియే, పురుషునిదైన సాహసము, స్త్రీదైన దౌర్బల్యమా?

బరువులెత్తు పోటీ పురుషులకు 1896లోనే కలదు. స్త్రీలకు 2000లో సిడ్నీయందు లభించెను. ఆ మొదటి పర్యాయమే శ్రీకాకుళము జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 240 కిలోగ్రాము లెత్తి కాంస్యపతకము నందెను. బలము ముందే యున్నది. ద్వారము తెరచుటయే ఆలస్యమైనది.

2024లో పారిసునందు స్త్రీపురుషులకు స్థానములు సమముగా కేటాయింపబడెను. అయినను అచ్చటి స్థానము నందుకొనవలెనన్న బాలికకు చిన్ననాటనే మైదానము కావలెను. కావున తల్లిదండ్రులారా, సాయంకాలమున కుమారుని ఆటకు పంపి, కుమార్తెను మాత్రము ఇంటిపనికి పిలువకుడని మా మనవి.