మూడడుగుల బల్ల, మూడో నెల బిడ్డ

నగరంలో రెండు పడకగదుల ఫ్లాట్ కొనుక్కున్న దంపతులు తొలి బిడ్డ కోసం చేసే ఏర్పాట్లలో ఓ కొత్త సామాను చేరింది. గోడకు మేఘాల బొమ్మలు, చెక్క ఊయల, దాని పక్కనే బిడ్డకు డైపర్ మార్చే బల్ల. నడుమెత్తున ఉంటుంది. కింద మూడు సొరుగులు, పైన మెత్తటి పరుపు. పదడుగుల గదిలో మంచానికీ బీరువాకూ మధ్య దాన్ని ఇరికించాక తలుపు సగమే తెరుచుకుంటుంది. గది ఫొటో చూసినవాళ్లంతా మెచ్చుకుంటారు కాబట్టి ఆ ఇబ్బంది ఎవరికీ పట్టదు.

పట్టించుకోవలసింది ఇంకొకటి ఉంది. క్యాలెండర్. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం చాలా తెలుగు కుటుంబాల్లో ఇప్పటికీ ఆనవాయితీయే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో వెళ్లిన అమ్మాయి, బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చాకే తిరిగొస్తుంది. అంటే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ముస్తాబు చేసిన గది, బిడ్డ పసిగుడ్డుగా ఉన్నన్నాళ్లూ ఖాళీగానే ఉంటుంది. తీరా బిడ్డ ఆ బల్ల ఎక్కేది బోర్లా పడే వయసులో. చాలామంది పిల్లలు నాలుగో నెల అటూ ఇటూగా ఆ విద్య నేర్చేస్తారు. ముందస్తు నోటీసు ఇవ్వరు. నిన్నటిదాకా వెల్లకిలా కాళ్లు ఆడించిన బిడ్డ ఈరోజు ఒక్క ఊపుతో అటు తిరుగుతుంది. బోర్లా పడితే బొబ్బట్లు పంచే ఇళ్లు మనవి. ఆ ముచ్చట మూడడుగుల ఎత్తున, కింద విట్రిఫైడ్ టైల్స్ ఉన్నచోట జరిగితే మాత్రం పరుగు ఆస్పత్రికే.

ఇంటింటా ఇలాంటి బల్ల ఉండే అమెరికాలో ఈ భయం పాతదే. అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 2018లో ఈ బల్లలకు తప్పనిసరి ప్రమాణాలు తెచ్చింది. నాలుగు వైపులా కనీసం రెండంగుళాల అంచు ఉన్నది చూసి కొనమని ఆ దేశపు పిల్లల వైద్యుల సలహా. నడుముకు బిగించే పట్టీ ఉన్నా సరే, బిడ్డ మీద నుంచి చెయ్యి తీయొద్దన్నది దానికి అనుబంధం. అంచులూ పట్టీలూ ఉన్నాక కూడా ఒక చెయ్యి కాపలా కాయవలసిందే అయినప్పుడు, చిన్న గదిలో ఆ బల్ల చేస్తున్న ఉపకారమేమిటన్న సందేహం న్యాయమైనదే.

అమ్మమ్మల కాలంలో ఈ ప్రశ్నే లేదు. నేల మీద చాప, దాని మీద బొంత, ఆపైన రబ్బరు షీటు, షీటు ఒంటికి తగలకుండా పాత నూలు చీర మడత. ఆమె కాళ్లు బారజాపుకుని కూర్చుంటే పొత్తిగుడ్డలన్నీ చేతికందేంత దూరంలోనే. నేల మీది నుంచి కింద పడే బిడ్డ లేడు. చిన్న ఇంటికి ఇంతకంటే చవకైన, క్షేమమైన ఏర్పాటు ఏ కేటలాగ్‌లోనూ లేదు.

అయితే నేలను పొగిడేవాళ్లు సాధారణంగా ఒక సంగతి మరిచిపోతారు. ఆపరేషన్ కుట్లతో ఉన్న బాలింత అలా నేల మీద కూర్చోగలదా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. తెలంగాణలో 60.7 శాతం, అంటే దేశంలోనే అత్యధికం. ఇన్ని ఆపరేషన్లు నిజంగా అవసరమా అన్నది వేరే చర్చ. కానీ పసిబిడ్డకు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు గుడ్డలు మార్చాలి. కోత మానని పొట్టతో అన్నిసార్లు కింద కూర్చుని లేవమనడం, ‘మా రోజుల్లో’ అంటూ దానికో ఉపన్యాసం జోడించడం శిక్ష తప్ప సంప్రదాయం కాదు. ఆమెకు ఎత్తు కావాలి.

చిక్కుముడి విడిపోయేదీ ఇక్కడే. తల్లికి ఎత్తు అవసరమయ్యేది మొదటి ఆరెనిమిది వారాలు. బిడ్డకు ఎత్తు మరీ ప్రమాదమయ్యేది మూడో నెల దాటాక. ఒకరి అవసరం తీరే వేళకే రెండోవారి గండం మొదలవుతుంది. కాబట్టి చోటు కూడా రెండు దశల్లో మారాలి. పుట్టింట్లో ఎత్తున, తిరిగొచ్చాక నేల మీద. జనం చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు. పుట్టింట్లో ఏ ఏర్పాటూ లేక పచ్చి బాలింత మంచం మీదికి వంగి నడుం నొప్పి తెచ్చుకుంటుంది. ఆమె తేరుకుని ఇంటికొచ్చే సమయానికి అక్కడ బల్ల సిద్ధంగా ఉంటుంది.

పుట్టింట్లో ఎత్తు కోసం కొత్తగా ఏదీ కొననక్కర్లేదు. మామూలు మంచం అడుగున్నర ఎత్తుంటుంది. నిలబడి దాని మీదికి వంగడమే అన్నిటికంటే చెడ్డ పద్ధతి. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, బిడ్డను అంచుకు దూరంగా పడుకోబెట్టి మార్చుకుంటే వంగే పని తగ్గుతుంది. నిలబడే చేయాలనుకుంటే మోచేతికి కాస్త దిగువకు వచ్చే, కదలని చెక్కబల్ల ఏదైనా పనికొస్తుంది. గది మూలకు జరిపితే రెండు వైపులా గోడ కాపు కాస్తుంది, మిగతా రెండు వైపులా మనిషి కాయాలి. నెల బిడ్డేగా ఎక్కడికి పోతుందిలే అనుకోకూడదు. కాళ్లు తన్నుకుంటూ జరిగే నెల బిడ్డలూ ఉంటారు. గుడ్డ కోసం పక్కగదిలోకి వెళ్లవలసి వస్తే బిడ్డను వదిలి కాదు, ఎత్తుకుని వెళ్లాలి.

ఇక తిరిగొచ్చాక ఫ్లాట్‌లో కావలసింది మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు నేల. పెద్ద కష్టమేమీ కాదు గాని ఎక్కడన్నదే ముఖ్యం. తలుపు తెరిస్తే తగిలే చోటు వద్దు. ఏసీ గాలి సూటిగా తగిలే చోటూ, ప్లగ్ పాయింట్ అందే చోటూ వద్దు. స్నానాల గదికి దగ్గరగా ఉండాలి, కానీ తడికాళ్లతో నడిచే దారిలో కాదు. బీరువా అడుగు అర ఖాళీ చేసి అందులో సామాన్లు సర్దితే సగం పని అయిపోయినట్టే. బీరువా లేకపోతే పిడి ఉన్న ప్లాస్టిక్ బుట్ట చాలు. హాల్లోకి కూడా పట్టుకుపోవచ్చు. డైపర్లు లేదా గుడ్డలు, దూది, మూత ఉన్న గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు, పొడి తువ్వాలు, జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీము, మార్చడానికి ఓ జత బట్టలు. ఇవన్నీ ఒంటిచేత్తో అందుకోగలగాలి. మూత తీయడానికి రెండు చేతులు కావలసిన సీసా ఆ బుట్టలో ఉండదగ్గది కాదు. మురికి డైపర్ విప్పకముందే కొత్తది పరిచి ఉంచుకోవాలి. సెల్‌ఫోన్ ఆ చుట్టుపక్కల లేకపోతే మరీ మంచిది. నేలకూ లోపాలున్నాయి, చీమలు వాటిలో మొదటివి. పాలచుక్క ఒలికిన బొంతను అలాగే మడిచిపెడితే అవి తెల్లారేసరికి హాజరు. ఇంట్లో మూడేళ్ల అన్నో అక్కో ఉంటే క్రీము గొట్టం వాళ్ల చేతికి అందని ఎత్తున ఉండాలి.

బుట్టలో పౌడర్ డబ్బా లేకపోవడం మరుపు కాదు. సన్నటి పొడి గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుందని పిల్లల వైద్యులు ఎప్పటి నుంచో వద్దంటున్నారు. తడి పూర్తిగా తుడిచి, కాసేపు గాలికి ఆరనిస్తే ఒరుపుకు అంతకు మించిన మందు లేదు. ఆడపిల్లకైతే ముందు నుంచి వెనక్కే తుడవాలి.

ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది చేతులు కడుక్కోవడాన్ని. పాలు తాగే బిడ్డ మలం మలమే కాదన్నట్టు చెంగుకు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లేవాళ్లు చదువుకున్న ఇళ్లలోనూ ఉన్నారు. పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలు తెచ్చే రోటావైరస్ ప్రయాణం చేసేది మలం నుంచి చేతికి, చేతి నుంచి నోటికే. దానికి టీకా ఉంది. ప్రభుత్వం 2016లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ చుక్కలతోనే ఆ కార్యక్రమం ప్రారంభమైంది. కానీ విరేచనాలు తెచ్చేది ఆ ఒక్క వైరసే కాదు, మిగతావాటికి సబ్బే టీకా. వైప్‌తో తుడుచుకుంటే చేతులు కడుక్కున్నట్టు కాదు. చోటు ఎంచుకునేటప్పుడు కుళాయి ఎన్ని అడుగుల దూరంలో ఉందో చూడమనేది అందుకే. దూరమైన కుళాయిని అర్ధరాత్రి ఎవరూ వాడరు.

రాత్రి మార్పుల కోసం పెద్ద లైటు అక్కర్లేదు, గోడవారగా చిన్న దీపం చాలు. బిడ్డ కళ్లు చెదరవు, మళ్లీ నిద్రపోతుంది. బుట్ట ఎక్కడుందో ఇద్దరికీ తెలిస్తే తండ్రి కూడా లేవవచ్చు. అన్ని వస్తువులూ ఒకేచోట ఉన్న ఇంట్లో ‘క్రీమెక్కడ?’ అని నిద్రపోతున్న భార్యను లేపే అవకాశం అతనికి ఉండదు.

చివరికి మిగిలేది వాడి పారేసిన డైపర్. మూత ఉన్న చిన్న డబ్బా గదిలో ఉన్నా రోజూ ఖాళీ చేయాలి. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనల్లో, డైపర్‌తో పాటు దాన్ని చుట్టి పారేయడానికి సంచి కూడా ఇవ్వాలని తయారీదారులకు చెప్పారు. చుట్టకుండా చెత్తలో వేయొద్దని ఇంటివాళ్లకూ చెప్పారు. పుణేలో చెత్త ఏరేవాళ్ల సహకార సంఘం స్వచ్ఛ్ ఇంకో ఉపాయం ప్రచారం చేసింది. కాగితంలో చుట్టి పైన ఎర్రచుక్క పెట్టడం. చుక్క కనబడితే ఏరేవాళ్లు పొట్లం విప్పరు. ఎర్ర స్కెచ్ పెన్ను ఒకటి బుట్టలో పడేస్తే ఆ పని ఏ ఊళ్లోనైనా అయిపోతుంది.

ఏడాది దాటేసరికి బిడ్డ నిలబడుతుంది. ప్యాంటులా తొడిగే డైపర్లే ఇప్పుడు ఎక్కువ కాబట్టి అప్పటి నుంచి మార్పిడి నిలబెట్టే జరుగుతుంది, అదీ పరిగెత్తించి పట్టుకోగలిగితే. బొంత మళ్లీ మంచం మీదికి చేరుతుంది. బల్ల కొన్నవాళ్ల ఇంట్లో దాని మీద ఇస్త్రీ బట్టలుంటాయి.