కరివేపాకు మొక్కా, 38 డిగ్రీలూ

మా నేపర్‌విల్‌లో అక్టోబరు వచ్చిందంటే తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఒకటే చర్చ: కరివేపాకు మొక్కని ఇవాళే లోపల పెట్టాలా, రేపు పెట్టొచ్చా? కిందటేడు ఫోన్‌లో రాత్రికి 38 ఫారెన్‌హీట్ అని చూసి, నీళ్ళు గడ్డకట్టేది 32 దగ్గర కదా అని నిశ్చింతగా పడుకున్నాను. తెల్లారేసరికి డెక్ మీద తెల్లటి మంచుపొడి. ఆకులన్నీ నల్లబడి వేలాడుతున్నాయి. ఆరేళ్ళ మొక్క!

తప్పు నాదే లెండి. ఆ 38 నేలకి అయిదారడుగుల ఎత్తున ఉండే గాలిది. మబ్బూ గాలీ లేని రాత్రి నేలా, ఆకులూ తమ వేడిని ఆకాశంలోకి వదిలేసి, ఆ గాలికన్నా ఇంకా చల్లబడతాయి. పైగా నేను చూసింది షికాగో అంకె. 1980 నుంచీ షికాగో అధికారిక ఉష్ణోగ్రత కొలిచేది ఓహేర్ విమానాశ్రయంలో. అక్కడి కాంక్రీటు పగటి వేడిని రాత్రంతా మెల్లగా వదులుతుంది. మా ఇల్లేమో డూపేజ్ నది పక్క పల్లంలో, చల్లగాలి జారి చేరే చోట.

అందుకే ఇప్పుడు డ్యూ పాయింట్ చూస్తాను. గాలిలోని తేమ మంచుబొట్లుగా మారేటప్పుడు వేడిని వదిలి, ఉష్ణోగ్రత పడిపోకుండా కాస్త అడ్డుపడుతుంది. డ్యూ పాయింట్ 25 అంటే ఆ అడ్డు 32కి చాలా కిందుందన్నమాట. రోమియోవిల్‌లోని నేషనల్ వెదర్ సర్వీస్ ఆఫీసువాళ్ళు రోజూ రాసే ఫోర్‌కాస్ట్ డిస్కషన్ కూడా చదువుతాను. ఎక్కడ అనుమానం ఉందో, ఎందుకుందో అందులో చెప్తారు. యాప్ ఆ అనుమానాన్నంతా కోసేసి ఒక్క అంకె చేతిలో పెడుతుంది. ఆఫీసులో ఎర్రర్ మార్జిన్ల మీద గంటలు వాదించే మనం ఆ అంకెని ఒక్క ప్రశ్న కూడా అడగం!

కొత్త కుండీ సెప్టెంబరు ఆఖరుకే లోపలికొచ్చేసింది. "యాప్ 50 అంటోంది కదండీ" అని మా ఆవిడ నవ్వుతోంది.