టీవీ ఆపితే స్టేడియం నిండుతుందా?

శనివారం రాత్రి హైదరాబాద్‌లో కుర్రాడు జియోహాట్‌స్టార్‌లో ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌ను లైవ్‌లో దర్జాగా చూస్తాడు. మాంచెస్టర్‌లో ఎమ్మెస్సీ చదివే అతని అన్న స్టేడియం పక్క వీధిలో ఉన్నా అదే మ్యాచ్ చూడలేడు. వాట్సాప్‌లో తమ్ముడే స్కోరు చెప్పాలి. శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా బ్రిటన్‌లో ఏ టీవీ ఫుట్‌బాల్‌ను లైవ్‌లో చూపకూడదన్న 1960ల నాటి నిబంధన ఫలితమిది. 2025లో మొదలైన కొత్త ప్రసార ఒప్పందమూ దీని జోలికి పోలేదు. ఈ నిబంధనకు కాలం చెల్లింది, ఎత్తేయాలి.

ఇంట్లో చూపిస్తే గ్రౌండ్‌కు ఎవరొస్తారన్నది సమర్థకుల పాత పాట. వాళ్లు జర్మనీ పేరెత్తరు. అక్కడ బుందెస్‌లీగా శనివారం మ్యాచ్‌లన్నీ టీవీలో లైవ్. ఒక్క మ్యాచే చూడొచ్చు, లేదా గోల్ పడిన గ్రౌండ్‌కల్లా దూకే ‘కాన్ఫరెన్స్’ ప్రసారం పెట్టుకోవచ్చు. అయినా 2018-19లో మ్యాచ్‌కు సగటున 43 వేల మందికి పైగా స్టేడియాలకు వచ్చారు. టీవీ ఆపిన ఇంగ్లండ్‌లో ఆ సగటు 38 వేల చిల్లర. ఇంగ్లండ్ స్టేడియాలు చిన్నవి అంటారా? నిజమే, అవి ఎప్పుడూ నిండే ఉంటాయి. టికెట్టే దొరకని చోట టీవీ కట్టేసి ఎవరిని రప్పిస్తున్నట్టు?

చిన్న క్లబ్బుల సంగతేమిటన్నది కాస్త విలువున్న ప్రశ్న. గేటు వసూళ్లే వాటికి ఊపిరి. దానికీ జర్మనీలోనే జవాబుంది. అక్కడి మూడో డివిజన్ మ్యాచ్‌లన్నీ 2017 నుంచి మజెంటాస్పోర్ట్‌లో లైవ్. అదే మధ్యాహ్నం బయర్న్ ఆట కూడా టీవీలో ఉంటుంది. అయినా 2023-24లో ఆ డివిజన్ సగటు హాజరు 10 వేలు దాటింది. పై డివిజన్‌లో 43 వేలు, మూడో డివిజన్‌లో 10 వేలు. రెండూ టీవీ నడుస్తుండగా వచ్చిన లెక్కలే.

జనాన్ని రప్పించేవి టికెట్ ధర, మ్యాచ్ వేళ. డోర్ట్‌మండ్ స్టేడియం దక్షిణ స్టాండ్‌లో పాతిక వేల మంది నిలబడి చూస్తారు, చవక టికెట్లతో. జర్మన్ అభిమానులు టెన్నిస్ బంతులు విసిరి ఆట ఆపించింది లైవ్ ప్రసారాల మీద కోపంతో కాదు, సోమవారం రాత్రి మ్యాచ్‌ల మీద. 2021-22 నుంచి లీగ్ వాటిని మానుకుంది. ఇంగ్లండ్ ఏం చేసింది? టీవీ కోసం 2023లో వోల్వ్స్, చెల్సీ మ్యాచ్‌ను క్రిస్మస్ ముందురోజు పెట్టింది! గ్రౌండ్‌కొచ్చే అభిమానిని కాపాడుతున్నామనే పెద్దలు చేసిన నిర్వాకమిది. కంచే చేను మేసింది.

ఇక చట్టబద్ధంగా చూసే దారి మూసేస్తే జనం దొంగదారి పడతారు. 2023లో ‘ఫ్లాలెస్’ అనే దొంగ ప్రసారాల ముఠాలో ఐదుగురికి మొత్తం 30 ఏళ్లకు పైగా జైలు పడింది. దాని ఖాతాదారులు 50 వేలకు పైమాటే. డబ్బిచ్చి చూస్తామన్న వాళ్లను నేరగాళ్ల చేతికి అప్పగించి, ఆపైన కోర్టుల చుట్టూ తిరగడం ఏం తెలివి?

నాలుగేళ్ల ప్రసార హక్కులను 670 కోట్ల పౌండ్లకు అమ్ముకున్న ప్రీమియర్ లీగ్‌కు చిన్న క్లబ్బుల మీద అంత ప్రేమే ఉంటే అందులోంచి వాటా పెంచాలి. టికెట్ ధర తగ్గించాలి, తిరుగు రైలు దొరికే వేళకు మ్యాచ్ పెట్టాలి. వీటిలో ఒక్కటీ చేయని వాళ్లకు అభిమాని ఇంట్లో టీవీ కట్టేసే హక్కు ఎక్కడిది?