తుపాను వేళ ఓడ ప్రయాణం

2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే విహారనౌక విశాఖ నుండి బయలుదేరినప్పటి నుండి, పదవీ విరమణ సొమ్ముతో ఒక్కసారైనా ఓడ ఎక్కి రావాలని హథ్‌ఖోజ్‌లోని మన తెలుగు కుటుంబాలు కొన్ని ముచ్చటపడుతున్నాయి. వారు మమ్ములను అడిగినది ఒక్కటే: బయలుదేరే వేళ తుపాను వస్తే?

తుపానులో రేవే క్షేమమని మనం అనుకుంటాము. నావికుల లెక్క వేరు. కట్టివేసిన ఓడను అలలు గట్టుకే వేసి కొడతాయి. అందువలన తుపాను హెచ్చరిక తీవ్రమైనప్పుడు ఓడలను ముందే బయటి సముద్రానికి పంపివేస్తారు. అక్కడ లంగరు ఒక్కదానినే నమ్ముకొనుటకు వీలులేదు. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ నౌక ‘మా’ ఈదురుగాలులకు కొట్టుకొని వచ్చి విశాఖ తెన్నేటి పార్కు వద్ద ఒడ్డున పడినది.

విహారనౌక సాధారణంగా తుపాను కంటె వేగంగా పోగలదు గనుక చుట్టు తిరిగి తప్పించుకొంటుంది. చిక్కు ప్రయాణికునిదే. బయలుదేరే వేళ మారవచ్చు, చూడవలసిన రేవు తప్పిపోవచ్చు. ప్రయాణం మొత్తం రద్దయితే సొమ్ము తిరిగి ఇవ్వడం వాడుక. దారి మాత్రమే మారితే కంపెనీలు సాధారణంగా టికెట్టు సొమ్ము వాపసు ఇవ్వవు. ప్రావిడెంటు ఫండు కాగితాలను చదివినంత శ్రద్ధగా ఆ షరతులను చదవాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు రైళ్లు కూడా నిలిచిపోయినవి. అక్టోబరు, నవంబరు నెలలలో వెళ్లేవారు రెండు రోజులు ముందుగానే విశాఖ చేరడం మేలు. రైలు ఆలస్యమైనదని ఓడ ఆగదు.